నాలుగు సీసాలకీ ఒకే నంబరు

గుణదల, విజయవాడ
జులై

వదినా,

ఫోన్లో నువ్వు "బాతులు ఆకలితో ఇంటికొస్తున్నాయి జెస్సీ" అంటుంటే వెనకాల మా అన్నయ్య నవ్వు వినపడింది. మీ ఫోను స్పీకరు పెడితే తప్ప పలకదు. నేనేమన్నా ఇల్లంతా వింటుంది. అందుకే కాగితం పట్టాను. వారం వారం నీ బాతుగుడ్లు వేసుకుని విజయవాడ వచ్చే హనుమయ్య బాబాయ్ ఆటోలో పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు. ఆయన చదవడు. చదివినా ఎవరికీ చెప్పడు. ఆయనకి హారన్ కొట్టడం తప్ప లోకంలో ఇంకేదీ ఇష్టం లేదు.

సంగతికొస్తాను. కోడులో నత్తలు కనపడటం లేదన్నావు. పొలాల మిగులు నీరంతా పారే ఆ కోడే కదా నీ బాతులకి వంటిల్లు. వంటింట్లో ఏమీ లేకపోతే గుడ్డు ఎక్కడినుంచి వస్తుంది? పెళ్ళయ్యాక నీ చేతులతో నువ్వు నిలబెట్టుకున్నది ఆ మంద ఒక్కటే. అది పోతే మళ్ళీ ఊడ్పులకీ కోతలకీ కూలికి పోవాలి. నువ్వేమో ఫాదర్ గారి చేత ప్రార్థన చేయిస్తానంటున్నావు. చేయించు, వద్దనను. ముందు నాకో సీసా నీళ్ళు పంపు.

నవ్వకు. ఇంటర్ తప్పి, మంచినీళ్ళ క్యాన్లు నింపే పిల్లకి నీళ్ళ గురించి ఏం తెలుసని మా ఓనరూ అలాగే నవ్వుతాడు. ఆయన పారేసిన కండక్టివిటీ మీటరుని బ్యాటరీ మార్చి నేనే బాగుచేసుకున్నాను. వీడియోలు చూసి, పాత పుస్తకాలు చదివి, దాని భాష నేర్చుకున్నాను. నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పోతోందో అది చెబుతుంది. నీళ్ళలో ఉప్పులు ఎంత కరిగితే కరెంటు అంత బాగా పోతుంది, నంబరు అంత పెరుగుతుంది. జ్వరం చూసే థర్మామీటరు లాంటిదే అనుకో. ఒళ్ళు కాలుతోందని చెబుతుంది, టైఫాయిడో మలేరియానో చెప్పదు. ప్రతి కోడుకీ దాని మామూలు నంబరు ఒకటుంటుంది. అది ఉన్నట్టుండి పెరిగితే మనకంటే ముందు నత్తకీ కప్పకీ తెలుస్తుంది. అవి చెప్పలేవు. చచ్చిపోతాయి, అంతే.

బాతుల రేవు దగ్గర నింపు. శుభ్రమైన సీసా కావాలి. శుభ్రమైనది. మీ ఇంట్లో ఆ మాటకి అర్థం వేరు కాబట్టి రెండుసార్లు రాశాను.

నీ ఆడపడుచు,
జెస్సికా

*

మొగలిపాలెం
ఆగస్టు

నీళ్ళ డాక్టరమ్మ జెస్సికా గారికి,

కృప నమస్కరించి రాయునది. మీ అన్నగారు, నేను, బాతులు క్షేమం. బాతుల్లో ఒకటి పొద్దున లేచింది మొదలు ఒడ్డున పోయేవాళ్ళందరి మీదా అరుస్తోంది, కారణం అక్కర్లేదు. దానికి నీ పేరు పెట్టాను. పిలిస్తే పలుకుతోంది.

నీ ఆజ్ఞ ప్రకారం సీసా పంపుతున్నాను. శుభ్రం గురించి నాకు పాఠం చెబుతావా? మీ అమ్మ మార్తమ్మగారు బతికున్నప్పుడు నా గిన్నెలు చూసి ఏమనేవారో నీకు గుర్తులేదేమో, "మొహం చూసుకోవచ్చే" అనేవారు. ఈ సీసాని గుప్పెడు కళ్ళుప్పు, కాస్త నూక వేసి గలగలలాడించి తోమాను. అద్దమే అనుకో. తర్వాత రేవులో దిగి నింపాను. హనుమయ్య బాబాయ్ ఎండలో ఊరంతా తిరిగి తిరిగి వస్తాడు కదా, దారిలో నీళ్ళు పాడవుతాయేమోనని నాలుగు ఉప్పురాళ్ళు లోపలే ఉండనిచ్చాను. ఆవకాయని ఏడాది నిలబెట్టేది నీ నీళ్ళని ఒక్క పూట నిలబెట్టదా?

నంబరు ఎంతొచ్చిందో రాయి. మంచి నంబరైతే బాతులకి చదివి వినిపిస్తాను.

వదిన

*

గుణదల
ఆగస్టు

వదినా!

ముందు మీటరు పెట్టాను. తర్వాత ఉత్తరం చదివాను. నా ఖర్మ.

మీటరు అంకెలు దాటిపోయి అడ్డగీతలు చూపించింది. మా ఓనరు దగ్గరికి పరిగెత్తి, "చూడండి సార్, మా ఊరి కోడుని చంపేశారు, సముద్రం చేసేశారు" అని గోడౌను అదిరేలా అరిచాను. క్యాన్లు మోసేవాళ్ళు పని ఆపి చుట్టూ చేరారు. రొయ్యల చెరువులవాళ్ళని, ఆఫీసులని, ప్రభుత్వాలని, ఎవరినీ వదల్లేదు. ఆయన తాపీగా సీసా ఎత్తి వెలుతురులో పెట్టి, "అడుగున ఆ రాళ్ళేంటమ్మా?" అన్నాడు. అప్పుడు ఉత్తరం విప్పాను.

ఇప్పుడు ప్లాంటులో నా పేరు కళ్ళుప్పు.

వదినా, ఉప్పుని కొలవడానికే నీళ్ళు పంపమన్నది. నువ్వు ఉప్పేసి పంపావు. జ్వరం చూడమంటే థర్మామీటరుని టీలో ముంచి నోట్లో పెట్టినట్టుంది.

ఈసారి ఉప్పు వద్దు, సబ్బు వద్దు, బూడిద వద్దు, నీ ప్రేమ కూడా వద్దు. ఎక్కడి సీసాని అక్కడి నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి నింపు. నాలుగు సీసాలు కావాలి. కోడు మొదలయ్యే లాకుల దగ్గర ఒకటి, వంతెన కింద ఒకటి, సంజీవరావు గారి రొయ్యల చెరువుల తూము దిగువన ఒకటి, నీ బాతుల రేవులో ఒకటి. సీసా మీద చోటు పేరు రాసి అంటించు. ఎక్కడ నంబరు ఎగిరితే అక్కడే దొంగ ఉన్నట్టు.

ఆ బాతుకి పేరు మార్చు.

జెస్సికా

*

మొగలిపాలెం
సెప్టెంబరు

జెస్సికమ్మా,

నాలుగు సీసాలూ పంపాను. పేర్లు అంటించాను. ఉప్పు వెయ్యలేదు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నత్తల సంగతి నువ్వు మరీ పెద్దది చేసుకోకు. ఒక్కో ఏడాది ఉంటాయి, ఒక్కో ఏడాది ఉండవు. కొత్తనీళ్ళు పారితే అవే వస్తాయిలే. బాతులకి తవుడు పెడుతున్నాను.

మీ అన్నయ్యకి పని ఎక్కువగా ఉంది. సంజీవరావు గారు చెరువుల బాధ్యతంతా ఆయన మీదే పెట్టారు. పెద్దాయనకి మీ అన్నయ్యంటే నమ్మకం. మొన్న ఊళ్ళో నలుగురిలో "మా అంతోని" అన్నారట. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పారు.

నువ్వు వేళకి తిను. నీళ్ళు నువ్వే నింపుతావు కాబట్టి తాగు కూడా.

కృప

*

గుణదల
సెప్టెంబరు

వదినా,

నువ్వు నన్ను ఒక్కసారైనా ఏడిపించకుండా ఉత్తరం ముగించావంటే నీకు ఒంట్లో బాగాలేదన్నమాట. లేకపోతే ఏదో దాస్తున్నావన్నమాట.

లాకులు: ఆరు వందల నలభై. వంతెన: ఆరు వందల నలభై. తూము దిగువ: ఆరు వందల నలభై. బాతుల రేవు: ఆరు వందల నలభై.

నాలుగు సీసాలకీ ఒకే నంబరు. మీటరు చెడిందేమోనని తెలిసిన నీళ్ళలో పెట్టి సరిచూశాను. బాగానే ఉంది. ఒకే తల్లి కన్న నలుగురికి ముక్కులు నాలుగు రకాలుగా ఉంటాయి. లాకుల దగ్గర బయల్దేరిన నీళ్ళు ఇంత ఎరువేసిన పొలాలు దాటి, గేదెలు పడుకునే వంతెన కిందినుంచి దూరి, నీ మంద రెట్టలు మోసుకుంటూ వచ్చి, చివరికి మొదలైనట్టే ఉన్నాయా? అవి కృష్ణ కాలువ మంచినీళ్ళు వదినా. నాలుగూ లాకుల దగ్గరే నింపి, ఇంటికెళ్ళి పేర్లు అంటించావు.

మొదటిసారి నీది అమాయకత్వం. నవ్వుకున్నాను. ఇది అమాయకత్వం కాదు.

ఎవరంటే భయం నీకు? సంజీవరావు గారంటేనా? ఆదివారం నేనే వస్తాను. మీటరుతో వస్తాను. వీలైతే కాలుష్యం ఆఫీసువాళ్ళని వెంటబెట్టుకుని వస్తాను. ఆ తూము ఎవరు తెరుస్తున్నారో కనిపెట్టి, వాడి పేరు రాయించి, వాణ్ణి అదే నీళ్ళు తాగమంటాను. నీ మందని చంపుతుంటే తవుడు పెట్టి ఊరుకుంటావా?

జెస్సికా

*

మొగలిపాలెం
సెప్టెంబరు

జెస్సీ,

ఆదివారం రాకు. ఎవరినీ తీసుకురాకు. ముందు ఇది చదువు.

నువ్వు చెప్పినట్టే లాకుల దగ్గర మొదటి సీసా నింపాను. వంతెన కింద రెండోది నింపాను. మూడోదానికి తూము దగ్గరికి వెళ్ళాను. సంజీవరావు గారి చెరువుల్లో ఉండేది ఉప్పు బోరు నీళ్ళు, రొయ్యకి అదే కావాలట. నీళ్ళు మార్చేటప్పుడు పాతవన్నీ తూములోంచి కోడులోకి వదిలేస్తున్నారు. నేను వెళ్ళేసరికి షట్టరు చక్రం తిప్పుతూ ఒక మనిషి ఉన్నాడు. వీపు చూసి గుర్తుపట్టాను. ఆ చొక్కాకి భుజం మీద కుట్టు వేసింది నేనే.

నువ్వు పేరు రాయించి అదే నీళ్ళు తాగిస్తానన్నది మీ అన్నయ్య చేత.

నన్ను చూసి "ఏంటి కృపా, ఇటొచ్చావ్?" అన్నారు, మామూలుగానే. "కోడు ఇంత పెద్దది, ఈ కాసిని నీళ్ళు కలిసిపోతాయిలే" అని ఆయన నమ్మకం. మన బాతులకీ ఆ చక్రానికీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. సీసాలు పారబోసి లాకుల దగ్గరికి తిరిగి వెళ్ళి నాలుగూ నింపాను. నంబరు నీకు తెలిస్తే నువ్వు ఊరుకోవు. ఆఫీసువాళ్ళు వస్తే సంజీవరావు గారు, "మావాడు తెలియక వదిలేశాడండీ" అంటారు. పెద్దాయన చెరువు పెద్దాయనకి ఉంటుంది, పేరు మాత్రం అంతోనిది పడుతుంది.

మందలో సగం అమ్మేశాను. నీ పేరున్న బాతుని అమ్మలేదు. దాన్ని ఎవరూ కొనలేదు కూడా.

ఇప్పుడు తిట్టు.

కృప

*

గుణదల
అక్టోబరు

వదినా,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండింటి నిండా అన్నయ్యని తిట్టిన తిట్లే ఉన్నాయి. మేరీ మాత కొండ కింద ఇల్లు పెట్టుకుని అవి రాయకూడదని చింపేశాను. ఒక్కటి మాత్రం ఉంచుతున్నాను: గాడిద.

నిన్ను తిట్టను. నీ చోట నేనుంటే నేనూ లాకుల దగ్గరే నింపేదాన్నేమో. కాకపోతే నాలుగింటికీ నాలుగు నంబర్లు వచ్చేలా కాస్త తెలివిగా నింపేదాన్ని. మోసం చెయ్యడం కూడా చేతకాదు నీకు.

మీటరు పంపుతున్నాను. గుడ్డలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. "హనుమయ్య బాబాయ్, ఇవి తినేవి కావు" అని పైన రాశాను. నువ్వు ముంచకు. వాణ్ణే ముంచనివ్వు. నేను చెబితే చెల్లెలు అరుస్తోందంటాడు, నువ్వు చెబితే పెళ్ళాం ఏడుస్తోందంటాడు. మీటరుకి మనతో చుట్టరికం లేదు. లాకుల దగ్గరినుంచి రేవు దాకా నడుచుకుంటూ, ఆగిన ప్రతి చోటా ముంచి చూడమను. ఏం మాట్లాడకు, వెనకాల వెళ్ళకు. నువ్వు వెనకాల ఉంటే నీ మొహం చూసి కథ అల్లుతాడు.

వాడు మంచివాడే వదినా. అదే నా కోపం. చెడ్డవాడైతే ఇంత పని ఉండేది కాదు.

జెస్సికా

*

మొగలిపాలెం
అక్టోబరు

జెస్సీ,

మీటరు చేరింది. మూడు బిస్కెట్లు తక్కువ అనుకున్నాను, తర్వాత గుర్తొచ్చింది అందులో బిస్కెట్లు లేవని. నేను కుదురుగా లేనులే.

మీ అన్నయ్యకి ఇచ్చి, "మీ చెల్లెలు పంపింది, ఏదో బొమ్మట" అన్నాను. ఇంక చూడు. టీలో పెట్టారు. పప్పుచారులో పెట్టారు, నంబరు చూసి "నీ చేతి ఉప్పు మీటరుకి కూడా ఎక్కువే" అన్నారు. కొబ్బరినీళ్ళలో పెట్టారు. పక్కింటి సంపూర్ణమ్మత్త మజ్జిగ తెచ్చిస్తే అందులోనూ పెట్టారు. ఆవిడ తర్వాత ఆ మజ్జిగ తాగలేదు. అన్నీ అయ్యాక "కోడు ఎంత ఉంటుందో చూద్దాం" అని ఆయనంతట ఆయనే బయల్దేరారు. నేను పొయ్యి ముందునుంచి కదల్లేదు.

తిరిగొచ్చి మీటరుని అరుగు మీద పెట్టారు. "లాకుల దగ్గర ఆరు వందలు చిల్లర. వంతెన దగ్గర తొమ్మిది వందలు. తూము దాటాక ఐదు వేలు. మీటరు చెడిందనుకుని విదిలించి మళ్ళీ ముంచా. మన రేవులోనూ ఇంచుమించు అంతే. నేను తిప్పిన చక్రమే కృపా" అన్నారు. నేనేం మాట్లాడలేదు. నువ్వు వద్దన్నావు కదా.

మర్నాడు సంజీవరావు గారి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలేముందు పక్క గుంటలో నిలవబెడదామండీ, కోడులోకి వద్దండీ అని అడిగారట. "నిన్ను పెట్టుకుంది చక్రం తిప్పడానికి అంతోనీ, మీటరు చూడటానికి కాదు. రేపు ఇంకో చెరువు వదలాలి" అన్నారట ఆయన. మీ అన్నయ్య చక్రం తిప్పలేదు. ఇంటికొచ్చి అర్జీ రాశారు. ఎన్నాళ్ళుగా వదులుతున్నదీ, వదిలింది తానేననీ రాసి సంతకం పెట్టారు. ఇక్కడ ఇస్తే పొద్దు గూకేలోపు ఊరంతా తెలుస్తుంది. అందుకని నీకు పంపుతున్నాం. విజయవాడ ఆఫీసులో నువ్వే ఇవ్వాలి.

కృప

*

గుణదల
నవంబరు

వదినా,

అర్జీ అందింది. ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. ఎక్కలేదు. తిరిగొచ్చేశాను.

వాడి చేతిరాత చూశావా? "అంతోని" అని ఎంత గుండ్రంగా రాశాడో, బడిలో కాపీ రాసినట్టు. కాగితం నా సంచిలో ఉంది. సంజీవరావు పేరు మీద అరవమంటే బెంజి సర్కిల్ మధ్యలో నిలబడి అరుస్తాను. ఇది వాడి పేరు.

ఇంకో దారి లేదా? పేరు లేకుండా ఇద్దామా? ఇంకో వారం ఆగుదామా? అన్నయ్యని మళ్ళీ ఒకసారి ఆలోచించుకోమను.

జెస్సికా

*

మొగలిపాలెం
నవంబరు

అరుపుల జెస్సికా గారికి,

ఏమ్మా? వాడి పేరు రాయించి వాడి చేత తాగిస్తానన్న ఆడపడుచు నువ్వేనా? నా నాలుగు సీసాలు పట్టుకుని నన్ను ఏకిపారేసింది నువ్వేనా? లాకుల దగ్గర నీళ్ళు నింపితే తప్పు, అర్జీని సంచిలో నింపుకుంటే తప్పు కాదా?

ఇక్కడ ఇంకో మనిషిని పెట్టి షట్టరు తెరిపించారు. నిన్న రేవులో పరిగెలు తేలాయి. వేలెడంత చేపలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని, ఒడ్డు పొడవునా. మీ అన్నయ్య ఒక్కోటీ ఏరి గట్టు మీద పెడుతుంటే నేను చూడలేక లోపలికొచ్చేశాను. నువ్వు ఆగమన్న వారం కోడుకి లేదు.

పేరు లేకుండా ఇస్తే దాన్ని ఎవరు నమ్ముతారు? తిప్పిన చెయ్యి చెబితేనే నిజం. ఆయన ఆలోచించుకునే రాశారు. రాశాక కడుపునిండా తిన్నారు, చాలా రోజుల తర్వాత. ఆయన తిండి నువ్వు పాడుచెయ్యకు.

వెళ్ళి ఇచ్చి రా. మెట్లు ఎన్ని ఉన్నా ఎక్కు.

వదిన

*

గుణదల
నవంబరు

వదినా,

ఇచ్చాను.

ఉషశ్రీ గారని ఒకావిడ ఉన్నారు. అర్జీ మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, "ఈ అంతోని నీకేమవుతాడమ్మా?" అన్నారు.

"మా అన్నయ్యండీ."

"ఇది ఇస్తే అతని మీద కూడా విచారణ ఉంటుంది. తెలుసా?"

"తెలుసండీ. వాడికీ తెలుసు. స్టాంపు వెయ్యండి."

గొంతు పెంచకుండా అన్నాను. నువ్వు నమ్మవు కానీ నిజం. ఆవిడ స్టాంపు వేసి, నీళ్ళ పరీక్షకి తామే మొగలిపాలెం వస్తామన్నారు. రేవు దాకా నడవాలండీ, చెప్పులు బురదలో ఇరుక్కుంటాయండీ అన్నాను. "నేను కైకలూరు పిల్లని, చేపల చెరువుల బురదలోనే పెరిగాను" అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇది అన్నయ్యకి చెప్పకు. వాడు నవ్వుతాడు.

వాళ్ళు వచ్చినప్పుడు అన్నయ్యని దాక్కోవద్దను. తిప్పింది ఎవరో చెప్పాక, తిప్పమన్నది ఎవరో కూడా చెప్పమను. మర్యాదకి పోయి సగంలో ఆపే రకం వాడు.

జెస్సికా

*

మొగలిపాలెం
డిసెంబరు

జెస్సీ,

వచ్చారు. ఉషశ్రీ గారి చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది, మీ అన్నయ్య తీసి కడిగిచ్చారు.

నేను అనుకున్న మాటే సంజీవరావు గారు అన్నారు. "మావాడేనండీ, తెలియక వదిలేశాడు" అని మీ అన్నయ్య భుజం మీద చెయ్యి కూడా వేశారు. మీ అన్నయ్య ఆ చెయ్యి తియ్యలేదు. అలాగే నిలబడి, "తెలియక తిప్పింది నేనేనండీ. తెలిశాక తిప్పమన్నది మీరండీ" అన్నారు. అండీ మాత్రం వదల్లేదు చూడు. చెయ్యి ఆయనే తీసేసుకున్నారు. తూముకి సీలు వేశారు. విచారణ ఉంటుందట, ఇద్దరికీ నోటీసులు వస్తాయట. రానీ.

మీ అన్నయ్య ఇప్పుడు నా కింద పని చేస్తున్నారు. బాతులు తోలడం ఏమాత్రం రాదు. కుడికి పొమ్మంటే ఎడమకి పోతున్నాయి. "చెరువులు నయం, చెప్పిన చోట ఉంటాయి" అని గొణుగుతున్నారు. మంచి పనివాడు దొరికేదాకా ఉంచుకుంటానన్నాను.

రోజూ రేవులో మీటరు ముంచడం కూడా ఆయన పనే. మొన్న ఎంతొచ్చిందంటే "బాగానే ఉంది" అన్నారు. నిన్నా "బాగానే ఉంది" అన్నారు. నాకు అనుమానమొచ్చి నేనే వెళ్ళి ముంచాను. మూడు వేల పైనే ఉంది. నత్త ఒక్కటి కూడా లేదు. "బాధపడతావని చెప్పలేదు కృపా" అన్నారు. ఈ ఇంట్లో నంబర్లు దాచేది ఇంక లేదు, నాతోనే అది ఆఖరు అని చెప్పాను.

నీకూ ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. ఇవాళ పొద్దున్న: రెండు వేల తొమ్మిది వందల అరవై.

వదిన